చెయ్యెత్తని పేట

నక్షాల బాబుని మేస్త్రి ఈ జన్మలో క్షమించడు.

కంట్రాక్టరుని అయితే ఒక పూట మరిచిపోతాడేమో. కంట్రాక్టరు దోచుకోవడానికే పుట్టినవాడు, దోచుకున్నాడు. తేలు కుట్టిందని తేలు మీద ఎవరు అలుగుతారు? నక్షాల బాబు అలాంటివాడు కాదు. పట్టణానికి కొత్త నక్షాలు గీసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. అయినా పేటలోకి కారులో రాలేదు, నడిచి వచ్చాడు. ఇచ్చిన టీ మొహం చిట్లించకుండా తాగాడు. మేస్త్రిని "పెద్దాయనా" అని పిలిచాడు. నవ్వుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నతో పేట పోయింది.

రైలు స్టేషను కట్టబోయే ఖాళీ జాగాలో టెంటు వేసి, కుర్చీలు వేసి, పేటవాళ్ళందరినీ పిలిచారు ఆ రోజు. బాబు తెర మీద ఒక బొమ్మ చూపించాడు. మధ్యలో చుక్క. అది స్టేషను. చుక్క చుట్టూ గుండ్రంగా ఒక గీత.

"ఈ గీత లోపల ఉండేవాళ్ళకి బండితో పని ఉండదు. పని, బడి, ఆసుపత్రి, అంగడి అన్నీ కాలినడక దూరంలోనే. దూరం పోవాలంటే రైలుంది, బస్సుంది. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. వీధులు మనుషులవి, కార్లవి కావు" అన్నాడు.

పేటవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇళ్ళు దగ్గరగా ఉండటం అంటే ఏమిటో వాళ్ళకొకరు చెప్పాలా? ఒకింట్లో దగ్గితే పక్కింట్లో నిద్ర లేచే పేట అది. కారు సంగతి సరే, తోపుడు బండి కూడా పక్కకి తిరిగి నడిచే సందులు.

వెనక వరసలోంచి కండక్టరు లేచాడు. జీవితమంతా సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టి, కాళ్ళ వాపులతో ఇంటికి చేరిన మనిషి. నోరు ఊరుకోదు. "బాబూ, మీరు కట్టబోయేది మా పేటే కదండీ! కట్టడం దేనికి, ఉన్నదాన్ని ఉండనిస్తే పోలా?"

అందరూ నవ్వారు. బాబు కూడా నవ్వాడు. "అయితే చెప్పండి. మీలో పనికి నడిచి పోయేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

ఎందుకు లేవలేదో తెలియాలంటే పేట భాష తెలియాలి. ఆ పేటలో 'నడక' అంటే కాళ్ళతో చేసే పని కాదు. ఎవడైనా పని పోగొట్టుకుని చితికిపోతే "వాడు నడకలో పడ్డాడు" అనేవాళ్ళు. అప్పులవాళ్ళు ఇల్లు ఖాళీ చేయిస్తే "నడిపించారు" అనేవాళ్ళు. మేస్త్రికి పెళ్ళి కాకపోవడానికి కూడా ఆ మాటే కారణం. కుదిరిన సంబంధం చివరి నిమిషంలో చెడింది; పిల్ల మేనమామ మేస్త్రిని తాపీ సంచితో రోడ్డు వెంట నడుస్తూ పోతుంటే చూశాడట. "నడిచిపోయే వాడికా మా పిల్ల?" అన్నాడట.

అలాంటి పేటని పట్టుకుని, ఆఫీసర్ల ముందు, ఫోటోలు తీసేవాళ్ళ ముందు, ఎవరెవరు నడుస్తారో చేతులెత్తమన్నాడు బాబు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికి తెలియదు? పేటంతా నడిచే పోయేది. ఆసుపత్రికి, మార్కెట్టుకి, డిపోకి, కట్టుబడి పనులకి, పాచి పనులకి. అయినా మైకు తన ముందుకొచ్చేసరికి, ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే మేస్త్రి వదిన చీర కొంగు సర్దుకుని "ఆటోలో పోతానండీ" అంది. కండక్టరు "నాకు పాసుంది" అన్నాడు. మేస్త్రి "ఫ్రెండు బండి మీద" అన్నాడు. ఆ ఫ్రెండుకి చెప్పులే సరిగా లేవు.

ఒక్క మనిషి మాత్రం చెయ్యెత్తబోయింది. మేస్త్రి తల్లి. మూడిళ్ళలో పాచి పని చేసే ముసలమ్మ. ఆమెకి సిగ్గు లేదు. నున్నటి రోడ్డు వచ్చిందంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేది. "చెప్పులరిగితే కొనాలి. కాళ్ళరిగితే వాటికవే పెరుగుతాయి" అని నవ్వేది. ఆమె చెయ్యి మోచేతి దాకా లేచింది. ఈ పక్క నుంచి కోడలు, ఆ పక్క నుంచి కండక్టరు పెళ్ళాం, ఇద్దరూ కలిసి కిందికి లాగేశారు. "ఊరుకో అత్తయ్యా, పరువు తియ్యకు." ముసలమ్మ ఒళ్ళో పెట్టుకున్న ఆ చేతిని కాసేపు అలా చూసుకుంటూ కూర్చుంది, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

పై సభలో బాబు ఏం చెప్పాడో తర్వాత అందరికీ తెలిసింది. "ఇప్పుడున్న చోట నడిచేవాళ్ళ సంఖ్య సున్నా. కాబట్టి నడిచే పేటని మొదటి నుంచి కట్టాలి." పెద్దలు బల్లలు చరిచారు. యంత్రాలు వచ్చాయి. స్టేషను మెట్ల పక్కన తూర్పు జాగా ఒకటి చూపించి, "ఇది మీ ఇళ్ళకే. కట్టేదాకా క్వార్టర్లలో సర్దుకోండి" అన్నారు. నిండా మునిగినవాడికి చలేమిటి? సర్దుకున్నారు.

క్వార్టర్లు పట్టణం తోకకి ఉన్నాయి. సిటీ బస్సు అక్కడిదాకా రాదు. ఎవరో బెదిరించినట్టు దూరం నుంచే చుట్టు తిరిగి వెళ్ళిపోతుంది. గదులున్నాయి, గోడలున్నాయి, కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా ఏమీ లేదు.

"అబద్ధమాడానా, దేవుడు నిజం చేశాడు మరిదీ" అంది వదిన మొదటి నెల జీతం వచ్చిన రోజు. "ఇప్పుడు నిజంగానే ఆటోలో పోతున్నా. సగం జీతం వాడికే."

నవ్వాలో ఏడవాలో మేస్త్రికి తెలియలేదు. అన్న బతికున్న రోజుల్లో ఈ వదినే ఇంట్లో జోకులన్నీ వేసేది. అన్న కట్టుబడి పనిలో సారవ కర్రల మీంచి పడి చనిపోయాక కూడా వెయ్యడం మానలేదు. క్వార్టర్లకొచ్చాకే ఆమె జోకులకి నవ్వు రావడం మానేసింది.

ముసలమ్మకి ఆ దూరం అర్థం కాలేదు. మూడిళ్ళ పాచి పని పోయిందని ఎంత చెప్పినా వినలేదు. "వాళ్ళు గిన్నెలు నానబెట్టి ఎదురు చూస్తుంటారు" అనేది. ఒక పొద్దున చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరింది. మధ్యాహ్నం లారీవాడొకడు వచ్చి కబురు చెప్పాడు. రోడ్డు వారన రాయికి ఆనుకుని, పట్టణం వైపు మొహం పెట్టి కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పాదాలు బొబ్బలెక్కాయి, చేతిలోని చెప్పులకి మట్టి కూడా అంటలేదు. డాక్టరు గుండె అన్నాడు.

"గుండె కాదు, దూరం" అంది వదిన.

ఆ తర్వాత నెల తిరక్కుండా మేస్త్రికి పని దొరికింది. స్టేషను ముందు మైదానంలో రాళ్ళు పరిచే పని. మనుషులు నడవడానికి.

పోనన్నాడు మొదట. పోకపోతే తిండి? పోయాడు. క్వార్టర్ల ఆడవాళ్ళు కొందరు ఇసుక గమేళాలు మొయ్యడానికి వచ్చారు. పొద్దున్నే కంట్రాక్టరు లారీ వచ్చి రాళ్ళతో పాటే వాళ్ళనీ ఎక్కించుకుపోయేది. తమ ఇళ్ళని ఎత్తి పారేసిన చోట, పరాయివాళ్ళ నడక కోసం, తామే నేల చదును చేశారు.

పేట ఆనవాళ్ళు ఏవీ మిగల్లేదు. గోడలు లేవు, కుళాయి లేదు, మురుక్కాలవ లేదు. ఎటు చూసినా తెల్లటి నేల. మేస్త్రి తాడు కట్టాడు, ఇసుక పరిచాడు, రాయి దించి రసమట్టం పెట్టాడు, రబ్బరు సుత్తితో కొట్టాడు. తల ఎత్తితే ఎక్కడున్నాడో తెలిసేది కాదు. తల దించుకునే పని చేశాడు.

అప్పుడు జరిగింది. గమేళా నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక ఆడమనిషి, మైదానం మధ్యలో, ఏమీ లేని చోట, మోకాళ్ళు వంచి కిందికి కుంగింది. మళ్ళీ లేచి నడిచింది. ఆమె వెనక మనిషీ అంతే. అదే చోట కుంగి, లేచి, నడిచింది. ఆ వెనక వస్తున్నది వేరే ఊరి మనిషి. ఆమె మామూలుగా వచ్చేసింది. ఆ తర్వాత మళ్ళీ పేట మనిషి. మళ్ళీ కుంగింది.

"ఏంటే ఆ విన్యాసాలు? గాల్లో ఏముందే?" అని సూపర్‌వైజరు అరిచాడు.

వేరే ఊరి కూలీలు పగలబడి నవ్వారు. పేట ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. గమేళాలు దించి, ఆ గాలి వంక చూస్తూ నిలబడిపోయారు. వాళ్ళకి గుర్తొచ్చింది, మేస్త్రికీ గుర్తొచ్చింది. పైపు.

పెద్ద సందుకి అడ్డంగా, మనిషి నుదురెత్తున, పాత మిల్లు వాళ్ళ ఇనుప పైపు ఒకటుండేది. అందులో నీళ్ళు పారగా చూసినవాళ్ళు లేరు. తీసేవాళ్ళూ లేరు. పేటలో పిల్లలు దాని కింద నిటారుగా పరిగెత్తేవాళ్ళు. ఏదో ఒక రోజు నుదురు ఠంగుమని తగిలేది. "వీడికి పైపు తగిలింది" అని పేటంతా అనుకునేది. ఇక పనిలోకి పోవాలని దానర్థం. ఆ రోజు నుంచి చచ్చేదాకా అక్కడ తల వంచడమే. చీకట్లోనైనా, తాగి ఉన్నా, శవాన్ని మోస్తున్నా ఆ చోట మెడ తనంతట తానే వంగేది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. తాడు అందుకునే వంకతో అటు నడిచాడు. వంచకూడదు అనుకుంటూనే నడిచాడు. వంచాడు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. మళ్ళీ వంచాడు. ఇనుము ఎప్పుడో తుక్కుకి పోయింది. దాని బరువు మాత్రం వీళ్ళ మెడల మీద అలాగే ఉంది.

ఆ చోట పరిచిన రాయి కూడా కుదరలేదు. సుత్తితో తడితే డొల్లగా మోగేది. లేపి, కింద ఇసుక దిమ్మిస చేసి, మళ్ళీ దించాడు. మళ్ళీ డొల్లే. ఎవరో కింద నుంచి తిరిగి తడుతున్నట్టు మోగేది.

మర్నాడు లారీ దిగేసరికి మంచు ఇంకా వదల్లేదు. అందరికంటే ముందు మేస్త్రి మైదానంలోకి నడిచాడు. ముందు ఎవరో పోతున్నారు. పొట్టి మనిషి. గోచీ బిగించినట్టు ఎత్తి దోపిన చీర. చేతిలో ఏదో జత. ఆ చోటికి రాగానే ఆ మనిషి తల వంచింది, దాటింది, తల ఎత్తింది. తొందరేమీ లేకుండా, పనికి పోయే మనిషి పోయినట్టు పోయింది. "అమ్మా" అన్నాడు మేస్త్రి. మంచు విడిపోయాక చూస్తే తెల్లటి రాళ్ళు, వాటి మీద సూపర్‌వైజరు.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? పాచి పనికి పోయే ముసల్ది చచ్చాక కూడా పనికే పోతోందని చెప్పాలా?

ఆదివారం నాడు వదిన ఆసుపత్రి నుంచి చెప్పులు విడవకుండానే లోపలికొచ్చింది. "తూర్పు జాగాలో బోర్డు పెట్టారు మరిదీ. మన ఇళ్ళు కావంట. కార్లు నిలబెట్టడానికి ఆరంతస్తుల మేడంట. పునాది తవ్వే యంత్రం కూడా దింపేశారు."

"కార్లా? బండ్లు లేని పేట అన్నారుగా!"

"కారు పెట్టుకునే చోటు లేనిదే అక్కడ కట్టిన కొత్త ఫ్లాట్లు ఎవరూ కొనట్లేదంట. మనుషులకి జాగా లేదు గానీ కార్లకి మేడ కడుతున్నారు. మనం కారుగా పుట్టినా బాగుండేది."

సాయంత్రానికి క్వార్టర్ల మధ్య చప్టా మీద జనం చేరారు. మెట్ల మీద, నీళ్ళ డ్రమ్ముల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. ఇంట్లో ఉండలేని కోపం అందరిదీ. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అర్జీ పెడదాం" అన్నారొకరు.

"పెట్టు. వాళ్ళు దాంతో ముక్కు తుడుచుకుంటారు."

"ఎంతో కొంత ఇస్తే తీసుకుని ఊరుకోవడం మేలు. ఏనుగుతో మనకేంటి పోట్లాట?"

"నీకు ఇద్దరు కొడుకులు సంపాదిస్తున్నారు, నువ్వలాగే అంటావు!"

గోడలకి రంగులేసే పెయింటరు కుర్రవాడు డ్రమ్ము మీంచి దూకాడు. "యంత్రాన్ని తగలబెడదాం. అంతే. మాటలొద్దు."

"తగలబెట్టు నాన్నా" అన్నాడు కండక్టరు. "నువ్వు జైలుకి పోతావు. కంట్రాక్టరుకి ఇన్సూరెన్సు వస్తుంది. వాడు నీ పేరు చెప్పుకుని కొత్త యంత్రం కొంటాడు."

జనం నవ్వారు. నవ్వు ఆగాక మేస్త్రి మాట్లాడాడు. సభల్లో మాట్లాడే అలవాటు లేదు అతనికి. నేల చూస్తూ చెప్పాడు. మైదానంలో పైపు ఉన్న చోట తల వంగుతోందని, వద్దనుకున్నా ఆగట్లేదని చెప్పాడు. వెర్రివాడంటారేమో అనుకున్నాడు.

ఎవరూ అనలేదు. ఒక ముసలాయన, "నేనిక్కడ మెట్లు దిగుతూ కూడా వంచుతున్నాను" అన్నాడు. "నేను పడుకుని కూడా" అంది ఇంకో ఆడమనిషి. ఒకావిడ, పోయిన తన మొగుడు రోజూ కల్లోకి వచ్చి గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వస్తున్నాడని, ఈ గుమ్మం ఎత్తైందని చెప్పినా వినడని చెప్పి ఏడ్చింది. క్వార్టర్లకొచ్చాక పోయినవాళ్ళంతా ఆ సాయంత్రం చప్టా మీదికి వచ్చి, వాళ్ళ వాళ్ళ మనుషుల పక్కన కూర్చున్నట్టయింది. అందరూ కొంచెం కొంచెం జరిగారు, చోటిస్తున్నట్టు.

అప్పుడు వదిన లేచింది.

"అత్తయ్య చెయ్యి నేను లాగాను" అంది కండక్టరు పెళ్ళాం వైపు చూస్తూ. "నువ్వూ లాగావు."

"నన్నంటావేంటి? నువ్వు లాగావని నేను..."

"నేను లాగాను, నువ్వు లాగావు, ఇక్కడున్న అందరం మనవి మనం లాక్కున్నాం. నడుస్తామని చెప్పడానికి సిగ్గు! నడకని మనం దరిద్రం అన్నాం. వాళ్ళు దాన్నే బొమ్మ గీసి, రంగులేసి, కోట్లకి అమ్ముకుంటున్నారు. మన కాళ్ళు మనకి నామోషీ, వాళ్ళకి బేరం. సున్నా అంట! పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా నడిచినవాళ్ళం సున్నా!"

ఎవరో పిల్ల ఏడ్చి ఆగింది.

"మైదానం తెరిచే రోజు ఎప్పుడు?" అని అడిగాడు కండక్టరు, ఈసారి జోకు లేకుండా.

"వచ్చే ఆదివారం."

"అయితే పోదాం. ఆటోల్లేవు, లారీల్లేవు. నడిచే పోదాం. వాళ్ళ కళ్ళముందు మన సందుల్లో మనం నడుద్దాం."

"సందులెక్కడున్నాయి బాబాయ్?" అన్నాడు పెయింటరు.

"నీ కాళ్ళని అడుగు" అన్నాడు మేస్త్రి.

ఆ ఆదివారం ఇంకా తెల్లవారుతుండగా క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. పసిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని భుజం పట్టి, పొలాల్లో నీళ్ళు తిరిగినట్టు రోడ్డు మీదికి తిరిగారు. ముసలమ్మ ఆనుకుని కూర్చున్న రాయి దగ్గర ఎవరూ ఆగమని చెప్పలేదు. నడక మాత్రం నెమ్మదించింది. కొందరు చెప్పులు విప్పారు. దార్లో బస్సు డిపో వాళ్ళు కలిశారు. మార్కెట్టు హమాలీలు "ఎటు?" అని అడిగారు. "ఇంటికి" అన్నారు వీళ్ళు. హమాలీలూ వచ్చారు. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కాస్త దూరంగా నడిచి, తర్వాత దగ్గరగా నడిచారు.

మైదానంలో వేదిక మీద నక్షాల బాబు మాట్లాడుతున్నాడు. "ఈ రోజు నుంచి ఈ నేల నడిచే మనిషిది!" చప్పట్లు కొట్టారు. కార్లలో వచ్చినవాళ్ళే కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలో జనం లోపలికి వచ్చారు. నినాదం లేదు, జెండా లేదు. మూకలా రాలేదు. ఒకరి వెనక ఒకరు, భుజాలు ముడుచుకుని, సందంత వెడల్పులో వచ్చారు. మైదానం మధ్యలో కుడికి తిరిగారు. అక్కడ తిరగడానికి ఏమీ లేదు. ఇంకొంత పోయి ఎడమకి తిరిగారు. ఎదురొచ్చేవాళ్ళకి పక్కకి ఒత్తిగిలి దారిచ్చారు. కుళాయి ఉండే చోట ఆడవాళ్ళు వరసగా నిలబడి, వంతు రాగానే కదిలారు. ఒకరిద్దరు లేని గుమ్మాల్లోకి తొంగి చూసి "ఉన్నావా వదినా?" అని పలకరించారు. పలికినవాళ్ళూ ఉన్నారు.

అతిథుల్లో ముందు నవ్వులు లేచాయి. ఎవరో నాటకం అన్నారు. ఆ తర్వాత నవ్వులు తగ్గాయి. ఎందుకంటే గోడలు కనిపించసాగాయి. వందల మంది ఒకే చోట తిరుగుతుంటే, ఒకే చోట ఆగుతుంటే, తాకకూడని గోడని తాకకుండా నడుస్తుంటే, ఆ తెల్లటి నేల మీద పేట లేచి నిలబడింది. కెమెరా పట్టుకున్న అమ్మాయి ఒక గోడలోంచి నడవబోయి, ఎందుకో ఆగి, చుట్టు తిరిగి వెళ్ళింది.

పైపు దగ్గరికి వచ్చారు. వరస వరస తలలు వంచారు. గాలికి పొలం ఒంగినట్టు ఒంగారు జనం. వంగినవాళ్ళ మధ్యలో ఖాళీలున్నాయి, ఒక్కో మనిషంత వెడల్పు ఖాళీలు. వాటిని ఎవరూ తొక్కలేదు. వదిన తన పక్కన ఒక ఖాళీ వదిలి నడుస్తోంది, నెమ్మదిగా, ఎవరో ముసలివాళ్ళ నడకకి తన నడక కలిపినట్టు.

పైపు దాటాక ఎదురుగా తూర్పు జాగా. రేకుల కంచె. యంత్రం. పెయింటరు కుర్రవాడు రేకు ఒకటి పక్కకి జరిపాడు. అతను నిప్పు తేలేదు. అందరూ లోపలికి నడిచి, పునాది గుంట అంచుల్లో, గుంటలో, యంత్రం పళ్ళ మీద కూర్చున్నారు.

నక్షాల బాబు వేదిక దిగి పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రిని గుర్తు పట్టాడు. "పెద్దాయనా, నా మాట వినండి. ఈ కార్ల మేడ నా నక్షాలో లేదు. ఒట్టు. పైవాళ్ళు పెట్టారు."

"మీ నక్షాలో మేమూ లేము కదా బాబూ."

బాబు మొహం ఎర్రబడింది. "నేను అడిగాను కదా! మిమ్మల్నే అడిగాను. మీరే ఒక్కరూ చెయ్యెత్తలేదు!"

"ఎత్తలేదు. అది మా తప్పే." అన్నాడు మేస్త్రి. "మైకు పెట్టి, ఫోటోలు తీస్తూ, నీ దరిద్రం ఎంతో చెప్పమన్నారు. చెప్పలేదు. మీరు పేటలోకి నడిచి వచ్చారే, ఆ రోజు మా సందులో మీకు ఎదురొచ్చింది ఎవరు? గాల్లో ఎగురుకుంటూ వచ్చామా? కళ్ళతో చూసింది వదిలేసి చేతులు లెక్కపెట్టుకున్నారు. ఎందుకంటే మీకు సున్నా కావాలి. సున్నా మీదైతే ఏదైనా కట్టొచ్చు."

ఈలోగా పోలీసులు వచ్చారు. వ్యానులు వేదిక వెనక నిలబడ్డాయి.

ఇన్‌స్పెక్టరు లాఠీ చంకలో పెట్టుకుని, "లేవండి, అందరూ వ్యానెక్కండి" అన్నాడు.

"అరెస్టా అయ్యా?" అడిగాడు కండక్టరు.

"అరెస్టే."

"సరే. వ్యానొద్దు, నడిచే వస్తాం."

"ఏంటీ?"

"నడిచే మనిషిది అన్నారుగా ఈ నేల, ఇప్పుడే మైకులో. పోలీస్ స్టేషను కూడా ఆ గీత లోపలే ఉంది. బండితో పని లేదన్నారు."

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి నక్షాల బాబు వంక చూశాడు. బాబు నేల వంక చూశాడు. ముందు వరసలో ఒకణ్ణి కానిస్టేబులు చొక్కా పట్టి వ్యాను దాకా ఈడ్చాడు. ఈడ్చి తిరిగి చూసేసరికి మిగతావాళ్ళు లేచి నడక మొదలుపెట్టారు. ఎంతమందిని ఈడుస్తారు? లాఠీలు కొన్ని లేచాయి, కొన్ని వీపుల మీద పడ్డాయి. పడ్డవాళ్ళు లేచి వరసలోకి వచ్చారు. చివరికి పోలీసులే పరిగెత్తి ముందుకొచ్చి, జనానికి ముందూ వెనకా నడవాల్సి వచ్చింది. కొత్త పేట వీధుల్లో, కొత్త మేడల కింద, అంత పెద్ద నడక అదే మొదటిది. బాల్కనీల్లోకి మనుషులు వచ్చి నిలబడ్డారు. ఆ ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ కిందికి దిగి, అడక్కుండానే వరసలో కలిశారు. బూట్ల చప్పుడుకీ వట్టి కాళ్ళ చప్పుడుకీ మధ్య, ఇంకేదో చప్పుడు కూడా వినిపించింది మేస్త్రికి. చాలా మంది. చాలా పాతది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు.

పోలీస్ స్టేషనులో అందరికీ చోటు చాలలేదు. లోపలికి తోసినవాళ్ళని తోశారు. మిగతా జనం గేటు బయట ఆగకుండా, కూర్చోకుండా, ప్రహరీ చుట్టూ నడవడం మొదలుపెట్టారు. పొమ్మంటే "పోతూనే ఉన్నాం కదా అయ్యా" అన్నారు. తూర్పు జాగాలో యంత్రం డ్రైవరు తాళంచెవి సూపర్‌వైజరు చేతిలో పెట్టి తనూ వచ్చేశాడని ఎవరో కిటికీలోంచి కేకేసి చెప్పారు.

లోపల రైటరు విసుగ్గా తల ఎత్తాడు. "ఉండేదెక్కడ?"

"రైలు స్టేషను మెట్ల పక్కన" అన్నాడు మేస్త్రి.

"అక్కడ ఇళ్ళెక్కడివి? క్వార్టరు నంబరు చెప్పు."

"క్వార్టర్లో పడుకుంటున్నాను. ఉండేది అక్కడ."

రైటరు తల పట్టుకున్నాడు. "ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం. అమ్మ, అన్న, వదిన, నేను."

వదిన వెనకే నిలబడి ఉంది. కాదనలేదు.

"నలుగురికీ కలిపి ఎంత ఉందయ్యా నీకక్కడ? ఎకరమా, రెండెకరాలా?" అని వెటకారమాడాడు రైటరు.

మేస్త్రి వెటకారాన్ని పట్టించుకోలేదు. పేటలోని తమ ఇంటి కొలతలు, రాసుకోవడానికి వీలుగా, నెమ్మదిగా చెప్పాడు.

"పొడుగు పదకొండడుగులు. వెడల్పు తొమ్మిది. మొత్తం పదకొండు గజాలు."